అండమాన్ జన్యువులు, జీర్ణాశయ క్యాన్సర్

అండమాన్ ఆదివాసుల జన్యువులు అనగానే గుర్తుకు రావాల్సింది హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ). ఓంగే, గ్రేట్ అండమానీస్ తెగలపై అక్కడి శాస్త్రవేత్తలు లాల్జీ సింగ్, తంగరాజ్‌ల బృందం చేసిన పరిశోధన 2005లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. విడిగా బతికిన ఇంత చిన్న తెగల ఆరోగ్యంపై ప్రత్యేక శ్రద్ధ అవసరం.

వంశపారంపర్యంగా వచ్చే ఆరోగ్య ముప్పుల్లో జీర్ణాశయ క్యాన్సర్ ఒకటి. దాని విషయంలో సీడీహెచ్1 అనే జన్యువు ముఖ్యం. 16వ క్రోమోజోమ్‌పై ఉండే ఈ జన్యువు కణాలను అంటిపెట్టి ఉంచే ఈ-క్యాడ్‌హెరిన్ ప్రొటీన్‌కు ఆధారం. దీని లోపం వంశపారంపర్యంగా వస్తే ముప్పు బాగా పెరుగుతుంది. 1998లో ఈ వంశపారంపర్య లోపాన్ని గుర్తించింది కూడా దీవుల ప్రజల్లోనే, న్యూజిలాండ్ మావోరీ కుటుంబాల్లో. ఈ క్యాన్సర్‌పై ఐఎల్1బీ వంటి ఇతర జన్యువుల్లోని చిన్న తేడాల ప్రభావం స్వల్పం. హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా సోకినవారిలోనే అది ప్రధానంగా కనిపిస్తుంది.

ఆరోగ్య పరిశోధనకు అండమాన్‌లోనే, పోర్ట్ బ్లెయిర్‌లో, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) కేంద్రం 1983లో ఏర్పడింది. 2024 నుంచి ఆ నగరం పేరు శ్రీ విజయపురం.