బిడ్డల వాద్య సాధనలో తలిదండ్రుల వంతు

చదువవలసిన భాగము: 1 దినవృత్తాంతములు 25:1-8



మందిర సేవకై దావీదు గాయకులను ఏర్పరచిన సంగతి ఈ అధ్యాయములో ఉన్నది. వారిలో హేమానుకు 14 మంది కుమారులును ముగ్గురు కుమార్తెలును ఉండిరి. వీరు తాళములు, స్వరమండలములు, సితారాలు పట్టుకొని తండ్రి చేతిక్రింద సేవచేసిరి. ప్రవీణులైన వారందరి లెక్క 288. ఆ ప్రావీణ్యము ఒక్కనాడు ఊడిపడినది కాదు. అది నేర్చుకొనగా వచ్చినది.

“హేమాను సంగీతము తెలిసినవాడు గదా! మాకు సరిగమలైనను రావు. ప్రొద్దున పొలమునకు పోయి చీకటిపడి వచ్చువారము. మేమేమి నేర్పగలము?” అని గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు సంఘములలో తండ్రులు అడుగవచ్చును. నేర్పుట గురువు పని. సాధన చేయించుట ఇంటి పని. ఈ రెండవ పని సంగీతము రానివారును చేయగలరు.

1. వేళ. వారమునకు ఒకనాడు రెండు గంటలు కూర్చుండబెట్టుటకంటె, ప్రతి దినము 15 నిమిషములు మేలు. నేడు నేర్చినది రేపు మరల చేసినప్పుడే వ్రేళ్లకు పట్టుబడును. దీపము పెట్టిన తరువాత, భోజనమునకు ముందు, ఒకే వేళ నియమించుడి. ఆ కొద్దిసేపు మీరును ప్రక్కను కూర్చుండుడి.

2. తప్పిన చోటు. పిల్లలు తప్పిన ప్రతిసారి పాటను మొదటినుండి ఎత్తుకొందురు. అందుచేత వచ్చిన భాగమే మరల మరల వచ్చును, రానిది రాకనే నిలుచును. తడబడిన చోటికి రెండు స్వరముల ముందునుండి మెల్లగా వాయించుమనుడి. మూడుమార్లు తప్పులేక వచ్చిన పిమ్మట ముందుకు పోనిండి. సరళీ స్వరములు మొదటి కాలములో కుదురకముందే రెండవ కాలమునకు పరుగెత్తనీయకుడి.

3. తాళము. ఇది తల్లియైనను పట్టగలదు. ఆదితాళమునకు లెక్క ఎనిమిది. అరచేతితో ఒక దెబ్బ. చిటికెనవ్రేలు, ఉంగరపువ్రేలు, నడిమివ్రేలు ఒక్కొక్కటి. తరువాత దెబ్బ, చేయి త్రిప్పుట. మరల దెబ్బ, చేయి త్రిప్పుట. మీరు నిదానముగా తాళము వేయుచుండగా బిడ్డ తొందరపడదు.

4. వాద్యము లేని ఇల్లు. హార్మోనియం ఐరోపానుండి వచ్చి, మన దేశములో నేలపై కూర్చుండి వాయించు పెట్టెగా మారినది. ఒక చేయి తిత్తిని ఆడించవలెను, రెండవ చేయి మెట్లపై నడువవలెను. ఆ పెట్టె మందిరములో మాత్రమే ఉన్నయెడల, దాని మెట్లను అదే కొలతతో అట్టమీద గీసికొని, నోటితో స్వరము పాడుచు వ్రేళ్లు ఆడింపవచ్చును. వారములో రెండు సాయంకాలములు పెట్టెను పిల్లలకు తెరచి ఇయ్యుడని సంఘ పెద్దలను అడుగుడి. తబలా నేర్చువాడు బోళ్లను నోటితో చెప్పి తొడపై వేసికొనవచ్చును.

5. మాట. అల్లరికి శిక్షగా సాధన చేయింపకుడి. “పొరుగింటి పిల్లవాడిని చూడు” అనకుడి. చుట్టములు వచ్చినప్పుడు బలవంతముగా వాయింపజేసి, తప్పినప్పుడు నవ్వకుడి. ఒకసారి నవ్వులపాలైన బిడ్డ మరల ఆ పెట్టె ముట్టకపోవచ్చును. పిల్లల మనస్సు క్రుంగునట్లు తండ్రులు వారికి కోపము పుట్టింపరాదని పౌలు కొలొస్సయులకు వ్రాసెను (3:21). “ఈ ముక్క నిన్నటికంటె తేటగా వచ్చినది” అని నిజముగా బాగున్నదానినే మెచ్చుకొనుడి.

ఇది ఇంటి ముచ్చట మాత్రమే కాదు. పురుషోత్తమ చౌదరి (1803-1890) మొదలగువారి కీర్తనలు మన పాటల పుస్తకములో ఉన్నవి. కీర్తనల తలపై రాగము, తాళము వేయబడియున్నవి. వాయించు పెద్దవాని చేతులు వణకు కాలము వచ్చును. అప్పటికి ఆ గుర్తులను ఎరిగి వాయింపగల చిన్నవారు లేనియెడల, పుస్తకములో పాట ఉన్నను దాని రాగతాళములు మరుగున పడును. హేమాను కాలమున గురువును శిష్యుడును, పిన్నలును పెద్దలును కలిసియే వంతులకు చీట్లు వేసికొనిరి. మన మందిరములోను చిన్నవారికి ఒక వంతు ఉంచుదము: నెలకు ఒక్క పాటయైనను వారే వాయింతురు గాక.

ఇంటిలో మాటలాడుకొనుటకు:

1. మన బిడ్డ సాధనకు ఏ వేళ అనుకూలము? ప్రక్కను ఎవరు కూర్చుందురు?
2. గడచిన వారము మనము గద్దించినది ఎన్నిమార్లు, మెచ్చుకొన్నది ఎన్నిమార్లు?
3. వాద్యము లేని పొరుగు బిడ్డను మనయింటికి పిలువగలమా?