ఎవరు తోశారో అడిగే ముందు

ఆటలో పడి మోకాలు దోక్కుపోయిన పాప "పక్కింటి చింటూగాడే తోశాడు" అంటుంది. తీరా ఆరా తీస్తే వాడు కాదు, వాడి పక్కనున్న పిల్లవాడని తేలుతుంది. వెంటనే "అబద్ధాలెప్పుడు నేర్చావే?" అని గద్దిస్తాం. ఆ మాట అనేముందు కాస్త ఆగండి. అది అబద్ధం కాక, జ్ఞాపకం చేసిన పొరపాటు కావచ్చు.

చూసినదాన్ని కొన్ని క్షణాలపాటు మనసులో పట్టి ఉంచే చోటు చాలా ఇరుకు. స్టీవెన్ లక్, ఎడ్వర్డ్ వోగెల్ 1997లో రంగు చదరాలతో చేసిన పరీక్షల్లో పెద్దవాళ్లకే దాదాపు నాలుగింటికి మించి నిలవలేదు. చిన్నపిల్లలకు ఇంకా తక్కువ. అవేమో కదలని చదరాలు, ఇక్కడేమో ఉరుకులు పరుగుల పిల్లలు!

పైగా, పని గుర్తుండటం వేరు, చేసిందెవరో గుర్తుండటం వేరు. స్వీడన్‌లో గున్నార్ జొహాన్సన్ చీకట్లో మనిషి కీళ్ల దగ్గరి వెలుగు చుక్కలు మాత్రమే కనిపించేలా చిత్రీకరించి, 1973లో ఆ ఫలితాలు ప్రచురించారు. మొహం కనబడకపోయినా, నడుస్తున్నది మనిషేనని చూసినవాళ్లు ఇట్టే పోల్చుకున్నారు. అలాగే తోయడం కళ్లకు కట్టినట్టు ఉంటుంది, తోసిందెవరో మాత్రం జారిపోతుంది. ఫ్లోరిడాలో అలన్ కర్స్టన్, జూలీ అర్ల్స్ వీడియోలతో చేసిన పరిశోధనల్లో, ఒకరు చేసిన పనిని అక్కడే చూసిన మరొకరికి అంటగట్టడం పెద్దల్లోనూ కనిపించింది. వయసు మళ్లినవాళ్లలో మరీ ఎక్కువ. కనుక అరుగు మీది తాతయ్య సాక్ష్యమూ తిరుగులేనిదేం కాదు.

అందుకని ముందు గాయం కడగండి. ఏడుపు తగ్గాక, మరీ ఆలస్యం చేయకుండా, "ఏం జరిగిందమ్మా?" అని అడిగి ఊరుకోండి. "చింటూయేనా తోసింది?" అంటే పేరు మీరే అందించినట్టవుతుంది, పిల్ల తలూపుతుంది. అడిగిందే పదిసార్లు అడిగితే మొదటి జవాబు తప్పేమోననుకుని మార్చేస్తుంది. "సరిగ్గా చూడలేదు" అంటే మెచ్చుకోండి, అదీ జవాబే. నలుగురిలో నిలబెట్టి వేలు పెట్టి చూపించమనడం మాత్రం నాకు అసలు నచ్చదు. ఒకసారి చూపించాక ఆ వేలు వెనక్కి తీసుకోవడం పిల్లలకు కష్టం.

పిల్లలు కావాలని అబద్ధమాడటమూ ఉంది, కాదనను. కానీ ఎంత విచారించినా తేలకపోతే, తేలలేదని పిల్లలందరి ముందూ చెప్పండి. ఆ రోజుకు ఎవరికీ శిక్ష వేయకండి.