గాలి రాత్రే చూసుకో

గాజువాక

అమ్మలూ,

సైకిలు కొన్నావని, లింగంపల్లి నుంచి గచ్చిబౌలి ఆఫీసుకు దాని మీదే వెళ్తున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. పదిరోజుల్లో మూడుసార్లు మానేశావని కూడా చెప్పిందిలే. ఒకరోజు పంక్చరు, ఒకరోజు మోకాలి నొప్పి, ఇంకోరోజు ఊరికే. ఆ మూడోదాని కోసమే ఈ ఉత్తరం.

షిప్‌యార్డులో ఫిట్టరుగా చేరిన రోజు నుంచి రిటైరయ్యేదాకా నాకు సింధియా వరకు సైకిలే. శ్రీహరిపురం, మల్కాపురం మీదుగా రోజూ అదే దారి. నాకేదో పెద్ద పట్టుదల ఉందనుకోకు. పొద్దున లేచి వెళ్లాలా వద్దా అని ఆలోచించే పని పెట్టుకోలేదు, అంతే. రాత్రి భోజనమయ్యాక సైకిలు దగ్గర చతికిలబడేవాణ్ణి. బొటనవేలితో రెండు టైర్లూ నొక్కి చూడటం, తగ్గితే గాలి కొట్టడం, పాతగుడ్డతో చెయిను తుడవడం. పది నిమిషాల పని. మీ అత్తయ్య దాన్ని ‘సైకిలు పూజ’ అనేది. గాలి సంగతి పొద్దున చూద్దాంలే అనుకున్నావా, ఆ రోజు ఆటో ఎక్కినట్టే.

మోకాలికి మాత్రలొద్దు, సీటు ఎత్తు చూడు. గోడ పట్టుకుని ఎక్కి కూర్చో. పెడలు బాగా కిందికి వచ్చినప్పుడు దానిమీద మడమ ఆనిస్తే కాలు తిన్నగా సాగాలి. వంగి ఉందంటే సీటు దిగువన ఉన్నట్టే. కాళ్లు రెండూ నేలకు ఆనాలని కొత్తవాళ్లు దించేసుకుంటారు. ఫ్లైఓవర్ ఎక్కకముందే గేరు తగ్గించు. చెయినుకు కొబ్బరినూనె పొయ్యకు, దుమ్ము పట్టి జిడ్డుకడుతుంది. మీ నాన్న పొయ్యమంటాడు, వినకు.

నా మోచేతి మచ్చ గురించి చిన్నప్పుడు అడిగేదానివి, చేప కరిచిందని చెప్పేవాణ్ణి. అబద్ధం. వానలో రైలు పట్టాల్ని తొందరపడి ఏటవాలుగా దాటబోయాను. ముందు చక్రం సందులో దిగబడింది. క్యారేజీ మూత ఊడి పప్పన్నం రోడ్డు పాలైంది. పట్టాల్ని అడ్డంగా, తిన్నగా దాటాలి. మీ దారిలో పట్టాలు లేకపోయినా డ్రైనేజీ జాలీలుంటాయి. సందులు రోడ్డు పొడవునా ఉన్నవి మరీ ప్రమాదం. తడిసిన రిమ్ము మీద బ్రేకు వెంటనే పట్టదు. ఆగిన కారు పక్కనుంచి పోతే దాని తలుపంత జాగా వదులు. ఎడమకు తిరిగే బస్సుకు ఎడమవైపు దూరకు.

ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023లో తెరిచిన ట్రాక్ నిరుడు చూపించావు. 23 కిలోమీటర్లు, నెత్తిన సోలార్ పలకల నీడ, బాగానే ఉంది. కానీ మనం చూసినవాళ్లలో ఎంతమంది సైకిలు కారుకు కట్టి తెచ్చారో! నీది పాత బొంబాయి రోడ్డు, ఆఫీసుకెళ్లే బండి. చెమట పడుతుంది. వారానికి సరిపడా బట్టలు సోమవారమే ఆఫీసులో పెట్టేసుకో.

మల్కాపురంలో టీకొట్టాయన నేను దాటడం చూసి రెండో గిన్నె పాలు పొయ్యి మీద పెట్టేవాడు. ఓసారి జ్వరమొచ్చి రెండు రోజులు వెళ్లలేదు. మూడోనాడు రోడ్డుకు అడ్డమొచ్చి ఆపాడు: “ఏటి బాబూ, రెండు రోజులూ బేరం ఆలస్యమైపోనాది!”

నా పాత ఇత్తడి బెల్లు పార్సిల్లో పంపిస్తున్నాను. స్క్రూ అరిగింది, కింద ట్యూబు ముక్క పెట్టి బిగించు.

మీ మావయ్య