మరణవిచారణల జాతీయ పట్టిక

విద్యార్థులారా, మన యూళ్లలో ఎవరైనను అకస్మాత్తుగా మరణించినచో పోలీసువారు పంచనామా జరిపింతురు గదా. ఆస్ట్రేలియా దేశమునందు అట్టి మరణముల కారణమును విచారించు అధికారికి కరోనరని పేరు. రాష్ట్రమున కొక విచారణాధికారము. ఒకచోట కనుగొన్న సంగతి వేరొకచోట తెలియుట దుర్లభముగా నుండెను. అందుచేత 2000 జూలై మొదలుకొని ఆ విచారణలు ఒక్క జాతీయ పట్టికలో చేర్చబడుచున్నవి. 2007 నుండి న్యూజీలాండువారివియు చేరుచున్నవి. అనుమతి పొందినవారే దానిని చూడవచ్చును. ఇది న్యాయమే, అందలి ప్రతి సంగతియు ఒక యింటి దుఃఖము.

అచ్చటి పొలములలో క్వాడ్ బైకను నాలుగు చక్రముల మోటారుబండిని వాడుదురు. చూచుటకు ఆటబండివలె నుండును గాని, గట్టు ఎక్కునపుడు బోల్తాపడి నడపువానిని క్రింద నదిమివేయును. ఒక్క రైతు చనిపోయినచో, పాపము, నడుపుట చేతగాలేదందురు. అనేక విచారణలను ప్రక్కప్రక్కన నుంచి చదివినపుడో, ఆ బోల్తాపడుటయే మరల మరల కానవచ్చును. చిన్నపిల్లలు పెద్దల బండి నెక్కుటయు కానవచ్చును. 2019లో ప్రభుత్వము నిబంధన చేసెను. 2021 అక్టోబరు నుండి క్రొత్తగా అమ్మబడు పొలపు బండికి, బోల్తాపడినను నడపువాడు నలుగకుండ రక్షణచట్రము ఉండితీరవలెను.

ఒక లోపము కలదు. విచారణ ముగియువరకు పూర్తి వివరములు పట్టిక కెక్కవు. అందుకు ఒక్కొక్కప్పుడు ఏండ్లు పట్టును. ఈలోపల ప్రమాదకరమైన వస్తువు అంగడిలో అమ్ముడుపోవుచునే యుండవచ్చును.