ఆరోగ్య పాఠం: సెల్‌ఫోనులోని ఏఐ సహాయకుణ్ణి పనిలో ఎలా వాడుకోవాలి?



బి.పి., షుగరు, నీటిలోని ఫ్లోరైడు గురించి పాఠాలు చదివే మన పత్రికలో సెల్‌ఫోను గురించి పాఠమేమిటని మీరు అనుకోవచ్చు. దానికి ఒక కారణం ఉంది.

లేపాక్షి పక్క పల్లె నుండి ఒక పెద్దమ్మను మన ఓ.పి.కి తీసుకువచ్చారు. మనిషి చెమటతో తడిసిపోయి, మాట తడబడుతూ ఉంది. పరీక్ష చేస్తే రక్తంలో చక్కెర బాగా పడిపోయింది. అంతకు ముందు వేరే చోట వైద్యం చేయించుకొని ఇంటికి వెళ్ళేటప్పుడు ఆమెకు ఇంగ్లీషులో ఒక చీటీ ఇచ్చారు. మనుమడు ఫోనులోని ఏఐ సహాయకుడితో దానిని తెలుగు చేయించి గోడకు అంటించాడు. తెలుగు చక్కగానే ఉంది. ఒక్క అక్షర దోషం లేదు. కాని ఇంగ్లీషు చీటీలో తొమ్మిది వరుసలు, తెలుగు కాగితంలో ఎనిమిది. జారిపోయిన వరుస ఇది: వాంతులు, విరేచనాలు అయి తిండి తినలేనప్పుడు ఈ షుగరు మాత్ర ఆపి వెంటనే డాక్టరును కలవాలి. అమ్మకు రెండు రోజులుగా విరేచనాలు. తిండి లేదు. మాత్ర మాత్రం తప్పకుండా వేసుకుంటూ వచ్చింది.

సమయానికి తెచ్చారు గనుక దేవుని కృపవలన కోలుకుంది. మనుమడు చేసినది చెడ్డ పని కాదు. అవ్వకు అర్థం కావాలనే ప్రేమతోనే చేశాడు. అతడు చేయని పని ఒక్కటే. రెండు కాగితాలను పక్కపక్కన పెట్టి చూడలేదు. ఈ నెల మన పాఠమంతా ఆ ఒక్క పని గురించే.

ఈ సహాయకుడు ఎవరు?

2022 నవంబరు 30న చాట్‌జీపీటీ అనే ఏఐ సహాయకుడు అందరికీ అందుబాటులోకి వచ్చింది. తరువాత జెమినై వంటివి వచ్చాయి. వాట్సాప్‌లోనూ ఇటువంటిది ఒకటి చేరింది. మనం తెలుగులో అడిగితే తెలుగులోనే జవాబిస్తాయి.

ఇది మనిషి కాదు. కోట్లకొద్దీ పేజీల రాతలను దీనికి చూపించి, ఏ మాట తరువాత ఏ మాట వచ్చే అవకాశం ఎక్కువో నేర్పించారు. ఆ నేర్పుతోనే వాక్యాలు అల్లుతుంది. అందువల్ల భాష సాఫీగా ఉంటుంది. కాని భాష సాఫీగా ఉన్నంత మాత్రాన విషయం నిజమని కాదు. తెలియనప్పుడు కూడా తెలిసినట్టే రాయగలదు. పైగా అది చదివిన వాటిలో ఇంగ్లీషు రాతలు చాలా ఎక్కువ, తెలుగు రాతలు తక్కువ. అందుచేత తెలుగులో మనం మరింత జాగ్రత్తగా ఉండాలి.

ఏ పనులకు వాడుకోవచ్చు?

1. అర్జీలు, ఉత్తరాలు: సెలవు చీటీ, బ్యాంకుకు ఉత్తరం, కరెంటు ఆఫీసుకు ఫిర్యాదు వంటి వాటికి మొదటి చిత్తు రాయించుకోవచ్చు.

2. అనువాదం: పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీలోనో, హిందూపురం మిల్లులోనో ఇంగ్లీషు నోటీసు ఇస్తే దాని సారాంశం తెలుసుకోవచ్చు. సరిహద్దు దాటి పావగడ, గౌరీబిదనూరు వైపు వ్యాపారం చేసేవారు కన్నడంలో నాలుగు మాటలు రాయించుకోవచ్చు.

3. లెక్కలు: దుకాణం పద్దులు, సంఘ కానుకల పట్టిక కంప్యూటరులో ఎలా వేయాలో అడిగి నేర్చుకోవచ్చు. మొత్తం మాత్రం మళ్ళీ మీరే కూడి చూసుకోండి.

4. చదువు: పిల్లలు అర్థం కాని పాఠాన్ని మరోసారి సులువుగా చెప్పమని అడగవచ్చు. నర్సింగు చదివే అమ్మాయిలు ఇంటర్వ్యూ ప్రశ్నలు అడిగించుకొని అభ్యాసం చేయవచ్చు.

అడిగే పద్ధతి కూడా ముఖ్యం. "ఒక ఉత్తరం రాయి" అంటే ఎవరికీ పనికిరాని ఉత్తరం వస్తుంది. ఎవరు రాస్తున్నారు, ఎవరికి, ఏం జరిగింది, ఏం కావాలి, ఎన్ని వరుసలు ఉండాలి అనే ఐదు సంగతులు చెప్పండి. "నేను చెప్పనిది ఏదీ కలపవద్దు" అని కూడా చేర్చండి.

ఎక్కడ దెబ్బ తింటాము?

లేనిది ఉన్నట్టు రాసినప్పుడు: న్యూయార్కులో ఒక విమాన సంస్థపై వేసిన కేసులో ఒక లాయరు చాట్‌జీపీటీ చెప్పిన పాత తీర్పులను కోర్టుకు సమర్పించాడు. వెతికితే వాటిలో చాలా తీర్పులు అసలు లేనే లేవు. అవి నిజమైన కేసులేనా అని అతడు ఆ యంత్రాన్నే అడిగాడు. నిజమేనని అది చెప్పింది. 2023 జూన్‌లో కోర్టు జరిమానా వేసింది, 5,000 డాలర్లు. గమనించండి, జరిమానా యంత్రానికి పడలేదు, సంతకం పెట్టినవారికి పడింది. సాక్షిని గురించి ఆ సాక్షినే విచారిస్తే ఇలాగే ఉంటుంది.

వైద్యం అడిగినప్పుడు: అమెరికాలో 60 ఏళ్ళ ఒక వ్యక్తి వంట ఉప్పు మానాలనుకున్నాడు. చాట్‌జీపీటీని అడిగి తెలుసుకున్నానంటూ ఉప్పుకు బదులు సోడియం బ్రోమైడు అనే రసాయనం మూడు నెలలు వాడాడు. పక్కింటివారు తనకు విషం పెడుతున్నారని అనుమానపడే స్థితికి వచ్చి ఆసుపత్రిలో చేరాడు. కోలుకోవడానికి దాదాపు మూడు వారాలు పట్టింది. డాక్టర్లు ఈ సంగతిని 2025లో వైద్య పత్రికలో రాశారు. మందు మోతాదు, పత్యం, మందు ఆపడం, మార్చడం ఈ నాలుగూ ఫోనుతో తేల్చుకోవలసినవి కావు. ఛాతీ నొప్పి, మూతి వంకర పోవడం, ఫిట్స్, గర్భిణికి రక్తస్రావం వంటివి కనబడితే ఫోనులో ప్రశ్నలు వేస్తూ కూర్చోక 108కి ఫోను చేయండి.

మన మాట దానికి తెలియనప్పుడు: మనం "శనక్కాయలు" అంటే వేరుశనగ. యంత్రం దానిని "శనగలు" అని రాసే ప్రమాదం ఉంది. మన జిల్లాలో రెండు పంటలూ ఉన్నాయి. పంట నష్టం అర్జీలో ఆ మాట మారితే, వానలు లేక ఎండిన చేను ఒకటి, కాగితం మీద పంట మరొకటి అవుతుంది. అప్పుడు ఆఫీసు చుట్టూ తిరగవలసింది రైతే.

పరుల రహస్యం కాపాడండి

యంత్రానికి ఇచ్చిన సంగతి మన ఫోనులోనే ఉండిపోదు. ఎక్కడో ఉన్న కంపెనీ కంప్యూటర్లకు వెళుతుంది. కనుక ఆధార్ నంబరు, బ్యాంకు వివరాలు, ఓ.టి.పి. ఎప్పుడూ ఇవ్వవద్దు. ఆఫీసులో, స్కూలులో, ఆసుపత్రిలో పని చేసేవారు అక్కడి మనుషుల పేర్లతో ఉన్న కాగితాలను ఫోటో తీసి దానిలో పెట్టవద్దు. 2023లో మన దేశంలో వ్యక్తిగత సమాచార రక్షణకు చట్టం చేశారు. హెచ్.ఐ.వి. ఉన్నవారి వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 నాటి చట్టం చెబుతుంది.

సంఘ కుటుంబాలకు ఒక ప్రత్యేక మనవి. ప్రార్థన మనవుల జాబితాను అందంగా టైపు చేయించుకుందామని పేర్లు, జబ్బులు కలిపి ఏఐకి ఇవ్వకండి. ఒక సహోదరి కన్నీళ్ళతో మీకు చెప్పుకున్నది మీ దగ్గరే ఉండాలి. తప్పదనుకుంటే పేరు, ఊరు తీసివేసి ఇవ్వండి.

సంతకానికి ముందు నాలుగు పరీక్షలు

1. వరుసలు లెక్కపెట్టండి. అసలులో ఎన్ని ఉన్నాయో నకలులో అన్నీ ఉన్నాయా?

2. అంకెల మీద వేలు పెట్టి చదవండి. మోతాదు, తేదీ, డబ్బు, సర్వే నంబరు.

3. పేర్లు, ఊర్లు, పంటలు, మందులు అక్షరం అక్షరం సరిచూడండి.

4. తెలిసిన మనిషిని అడగండి. మందుల చీటీ అయితే ఫార్మసీ కిటికీ దగ్గర గాని, సిస్టరును గాని అడగండి. విసుక్కుంటారని భయపడవద్దు. అడగడం మీ హక్కు, చెప్పడం మా పని.

ఆ పెద్దమ్మ ఇంటి గోడ మీద ఇప్పుడు తొమ్మిది వరుసల కాగితం ఉంది. యంత్రం తెలుగు చేసినదే. సిస్టరు పక్కన కూర్చుని ఒక్కొక్క వరుసకు టిక్కు పెట్టించి, జారిపోయిన వరుసను ఎర్ర సిరాతో రాయించారు. టిక్కులు పెట్టింది ఆ మనుమడే.

లేపాక్షిలో వేలాడే స్తంభం ఉందని అందరూ చెబుతారు. అయినా చూడడానికి వచ్చినవారు విని ఊరుకోరు. తుండుగుడ్డ తీసి స్తంభం కింద దూర్చి, అటువైపు లాగి చూస్తేనే గాని కదలరు. అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయంలో బెరయ పట్టణస్థులను గురించి చదువుతాము. పౌలు వంటి బోధకుడు చెప్పినా వారు ఆసక్తితో విని, అది నిజమో కాదో ప్రతిదినము లేఖనాలలో వెదికి చూశారు. అలా చూసినందుకు వారికి మెప్పే దొరికింది. పౌలు మాటనే పరీక్షించినప్పుడు ఫోను మాటను పరీక్షించడానికి మనకు మొహమాటమెందుకు?

ఇంట్లో కలిసి మాట్లాడుకోండి

1. మన ఇంట్లో మందుల చీటీని తెలుగులో ఎవరు చదివి చెబుతున్నారు? దానిని రెండవవారు సరిచూశారా?

2. ఈ వారం ఫోనుకు ఏ సంగతులు చెప్పాము? వాటిలో వేరొకరి రహస్యం ఉందా?

3. నేను సంతకం పెట్టిన కాగితంలో ప్రతి మాటా నేను చదివానా?

తరువాత ఆసుపత్రికి వచ్చేటప్పుడు మీ ఇంటి గోడ మీది కాగితాన్ని, అసలు చీటీని రెండూ తీసుకురండి. కలిసి చూద్దాం. ప్రభువు మీ ఇంటివారికందరికీ మంచి ఆరోగ్యం, వివేకం అనుగ్రహించును గాక.