ముందు ఆల్బమ్, తర్వాత బ్యాండ్

అమెరికన్ బ్యాండ్ బోన్ ఈవేర్ తొలి ఆల్బమ్ ‘ఫర్ ఎమ్మా, ఫరెవర్ అగో’ గురించి ఎవరిని కదిపినా మంచు, అడవి, చెక్క ఇల్లు అంటూ మొదలుపెడతారు. అదీ నిజమే. 2006లో, ఈ ఆల్బమ్ చేసిన గాయకుడు జస్టిన్ వెర్నన్ అప్పటి బ్యాండ్ డియార్మండ్ ఎడిసన్ విడిపోయింది, ప్రేమ చెడింది, ఒంట్లోనూ బాగాలేదు. నార్త్ కరొలైనా వదిలి సొంత రాష్ట్రం విస్కాన్సిన్ వచ్చేసి, వాళ్ల నాన్న వేటకెళ్లినప్పుడు దిగే ఇంట్లో ఆ చలికాలమంతా గడిపాడు. కానీ మంచు పాటలు కట్టదు కదా! అసలు పని చూద్దాం.

సామాను చాలా తక్కువ. పాత సిల్వర్‌టోన్ గిటారు, మాక్ కంప్యూటర్‌లో ప్రో టూల్స్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్, ఒక షూర్ ఎస్‌ఎం57 మైకు. స్టేజీ మీద స్నేర్ డ్రమ్ముకో, గిటార్ ఆంప్‌కో ఎదురుగా పెట్టే మైకు అది. ఎదుట ఉన్న శబ్దాన్నే గట్టిగా పట్టుకుంటుంది, చుట్టూ గదిలో మోగేదాన్ని అంతగా పట్టించుకోదు. స్టూడియో కాని గదిలో పాడేవాడికి ఇది వరమే.

తర్వాత గొంతు. అంతకుముందు మంద్రంగా, బొంగురుగా పాడిన మనిషి ఇక్కడ ఫాల్స్ వాయిస్‌కి ఎక్కాడు. ఆ స్థాయిలో ఒక్క గొంతు పీలగా వినిపిస్తుంది. అందుకని అదే వరసను మళ్లీ మళ్లీ పాడి, ట్రాక్ మీద ట్రాక్ పేర్చుకుంటూ పోయాడు. కాపీ చేసి అతికిస్తే ఈ ఫలితం రాదు. ఒకే మనిషి ఎంత జాగ్రత్తగా పాడినా ప్రతిసారీ శ్రుతిలో వెంట్రుకవాసి, ఊపిరిలో అరక్షణం తేడా వస్తుంది. ఆ తేడాలన్నీ కలిస్తేనే బృందగానంలోని నిండుదనం.

మాటలు చివర్లో వచ్చాయి. ముందు అర్థం లేని అక్షరాలతో బాణీ పాడి రికార్డు చేశాడు. దాన్నే పదేపదే వింటూ, ఆ ధ్వనులు ఏ మాటల్లా తోస్తే అవి కాగితం మీద పెట్టాడు. మన సినిమాల్లో సంగీత దర్శకుడు డమ్మీ మాటలతో ట్యూన్ ఇస్తే కవి కూర్చుని రాసినట్టే, కాకపోతే ఇక్కడ ఇద్దరూ ఒక్కడే. నిర్మాత ‘మాస్‌కి అర్థం కాదేమో’ అనడానికి దగ్గర్లో లేడు కూడా. ఆ సాహిత్యంలో తర్కం వెతికితే తల బొప్పి కడుతుంది. నోరు మాత్రం హాయిగా తిరుగుతుంది.

ఈ రికార్డింగులు డెమోలే, తర్వాత సరిగ్గా రికార్డు చేద్దామనుకున్నాడు. విన్న మిత్రులు ఒప్పుకోలేదు. అడవి నుంచి బయటికొచ్చాక ట్రంపెట్, ట్రాంబోన్ లాంటివి వేరేవాళ్లతో వాయించి కలిపారు. మొత్తం 9 పాటలు, సుమారు 37 నిమిషాలు. 2007లో సొంతంగా ఓ 500 సీడీలు వేశాడు. 2008 ఫిబ్రవరిలో జాగ్‌జాగ్‌వార్ లేబుల్ దాన్ని మళ్లీ విడుదల చేసింది.

చిక్కు కచేరీల దగ్గర వచ్చింది. అన్ని పొరల గొంతుల్ని స్టేజీ మీద ఒక్కడే ఎలా పాడతాడు? డ్రమ్మర్ షాన్ కేరీ పాటలన్నీ ముందే నేర్చుకుని తనంతట తానే వచ్చి చేరాడు. మరికొందరు తోడయ్యాక అది బ్యాండయింది. అయినా ‘ద వుల్వ్స్’ పాట చివర్న గొంతులు చాలక, వెర్నన్ జనాన్నే పాడమనేవాడు. హాలంతా కేకలేసి పాడేది.