నాట్ల కూలీలలో రక్తహీనత – గుర్తించు విధము

నాట్ల రోజులలో ఈ దృశ్యము మనకందరకు తెలిసినదే. పదిమంది స్త్రీలలో ఒకామె వరుసలో వెనుకబడి, రెండు కట్టల నారు నాటులోపలనే ఆయాసముతో గట్టుమీద కూలబడును. "దానికి ఒళ్లు వంగదు" అని మేస్త్రీ కసరును. ఆకు పసుపెక్కగానే మడిలోనికి దిగి, నత్రజని లోపమా, జింకు లోపమా యని విచారించు రైతు కూడ ఆమె పాలిపోయిన ముఖమును గమనింపడు.

రక్తములోని హీమోగ్లోబిన్ అను ఎర్రని పదార్థము ప్రాణవాయువును శరీరమంతటికి చేరవేయును. ఇది తగ్గుటయే రక్తహీనత. ఆయాసము, గుండెదడ, కళ్లు తిరుగుట, మట్టియో బలపమో తినవలెనను కోరిక దీని జాడలు. క్రింది కనురెప్ప లోపలి భాగము, అరచేయి, నాలుక తెల్లబారును. అయితే కంటికి స్పష్టముగా కనబడుసరికి జబ్బు చాలవరకు ముదిరియుండును. కాబట్టి కనురెప్ప ఎర్రగా నున్నదని ధైర్యపడరాదు, కొలిపించవలెను. ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో వ్రేలినుండి చుక్క రక్తము తీసి చూచెదరు. 100 మిల్లీలీటర్ల రక్తములో పురుషులకు 13, స్త్రీలకు 12, గర్భిణులకు 11 గ్రాములకు తగ్గినచో రక్తహీనత యని మన దేశములో లెక్క. గర్భిణికి 7 గ్రాములకు తగ్గినచో జాగు చేయక పెద్దాసుపత్రికి తీసికొనిపోవలెను.

అంకె తెలిసినంతమాత్రాన పని తీరదు, కారణము తెలియవలెను. ఎక్కువమందిలో అది ఇనుము లోపమే. బహిష్టులో అధిక రక్తస్రావము, ఎడము లేని కాన్పులు అందుకు దారితీయును. మలముతో చెడిన నేలపై వట్టికాళ్లతో నడచువారి చర్మము గుండా కొంకిపురుగు పిల్లలు చొచ్చి, తుదకు ప్రేగులు చేరి రక్తము పీల్చును. మలపరీక్షలో వీని గ్రుడ్లు కనబడును. పురుషునకు రక్తము తగ్గినచో మొలలుగాని, కడుపులో పుండుగాని ఉన్నదేమో చూపించుకొనవలెను. మన్యపు గిరిజనులలో సికిల్ సెల్ వ్యాధి కలదు. దానికి వేరే పరీక్ష యున్నది.

ఇనుము మాత్రలు ఉచితముగా నిచ్చెదరు. మలము నల్లబడినదని భయపడి పలువురు మానుచున్నారు. అది మాత్ర రంగే. మాత్ర వేసికొన్న వెంటనే టీ, కాఫీ త్రాగరాదు. నెల గడచిన పిదప మరల కొలిపించవలెను. సరిగా మ్రింగినను ఒక గ్రామైన పెరగనిచో కారణము వేరుగా నుండవచ్చును, వైద్యుని చూడవలెను. మునగాకు, తోటకూర పెరటిలో పెంచుడని మేము చెప్పుచునే యున్నాము గాని, ముదిరిన రక్తహీనత ఆకుకూరలతో తీరదు.

నారుమడి పోసిననాడే గ్రామాధికారులు ఆరోగ్య కార్యకర్తను పిలిపించి కూలీలందరకు ఈ పరీక్ష చేయించినచో, నాట్లు పడులోపల నెలరోజుల మందు పడును.